మోతీహారిలో ఒక పూట

పశుపతినాథుని దర్శనం చేసుకొని తిరిగి వస్తూ, రక్సౌలులో రైలెక్కాక, "దారిలో మోతీహారిలో ఒక పూట దిగుదాం" అన్నాను. "అక్కడ ఏ దేవుడున్నాడండీ?" అని అడిగింది మా ఆవిడ. దేవుడు కాదు, ఒకప్పుడు నల్లమందు శాఖలో పనిచేసిన ఒక ఉద్యోగి ఇల్లు ఉందన్నాను. ఆవిడ వాళ్ళమ్మగారి వంక చూసింది. మా అత్తగారు జపమాల తిప్పుతూనే, "పోనీలేవే, గుమాస్తావాణ్ణి కాశీకి తీసుకుపోయినా కచేరీ ఎక్కడని అడుగుతాడు" అన్నారు. అనుమతి దొరికినట్లే గదా!

ఈ మజిలీకి మూలం మా అమ్మాయి పాఠ్యపుస్తకం. మాది బరంపురం. గంజాం జిల్లా 1936లో మదరాసు రాజధాని నుంచి విడిపోయి ఒరిస్సాలో కలిసినప్పుడు మా వాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఉండిపోయారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, ఆఫీసు కాగితం మీద ఇంగ్లీషు. నేను మెట్రిక్ వరకే చదివినవాణ్ణి. అయినా పిల్లల పుస్తకాలకు అట్టలు వేసేటప్పుడు పేజీలు తిరగవేసే అలవాటొకటి ఉంది. అల్లాగ అమ్మాయి డిగ్రీ ఇంగ్లీషు వాచకానికి అట్ట వేస్తూండగా ఒక వ్యాసంలో "కోరింగీ" అనే మాట కంటబడింది. ఇంట్లో ఉన్న నిఘంటువులో లేదు. అమ్మాయిని అడిగితే, "అదేదో కూలీల జాతి నాన్నా, పరీక్షకు రాదు" అన్నది.

కోరంగి! యానాం పాఠకులకు నేను చెప్పేదేముంది? వారి ఇరుగుపొరుగే. గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట ఒకనాడు ఓడలు కట్టిన రేవు. 1789లో ఒక ఉప్పెనా, 1839లో మరొకటీ వచ్చి ఊడ్చిపెట్టేశాయి. రేవు పోయినా పేరు మాత్రం ఓడలెక్కి బర్మా వెళ్ళింది. తెలుగు దేశాన్నుంచి వచ్చిన కూలివాణ్ణల్లా అక్కడి దొరలు "కోరింగీ" అన్నారు. వాడు కాకినాడలో ఎక్కినా సరే, మా గోపాలపురంలో ఎక్కినా సరే. మా తాతగారి అన్నగారు గోపాలపురంలోనే ఎక్కారు. రంగూను రేవులో బియ్యం బస్తాలు మోసేవారని మా నాయనమ్మ చెప్పేది. 1942లో జపానువాళ్ళు వచ్చిపడినప్పుడు లక్షలమంది మనవాళ్ళు అడవులూ కొండలూ పడి కాలినడకన ఇటు బయలుదేరారు. వారిలో ఆయన ఉన్నారో, అంతకు ముందే పోయారో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయనకు తిథి లేదు. మహాలయ పక్షంలో అందరితోపాటు నీళ్ళు వదులుతాం.

కనుక ఆ వ్యాసం నేను వదలలేదు. నిఘంటువు పక్కన పెట్టుకొని మూడు రాత్రులు కూర్చుని చదివాను. మౌల్మీను పట్నంలో మదమెక్కిన ఏనుగొకటి గొలుసు తెంపుకొని వచ్చి ఒక కూలివాణ్ణి బురదలో తొక్కి చంపుతుంది. వాడు ద్రావిడుడు. అక్కడి పోలీసు అధికారి తుపాకి తెప్పించుకొని బయలుదేరుతాడు. ఆయన వెళ్ళేసరికి ఏనుగు శాంతించి పొలంలో గడ్డి తింటూంటుంది. దాన్ని చంపనక్కరలేదు, ఆయనకు చంపాలనీ లేదు. కాని వెనుక రెండువేలమంది జనం చూస్తున్నారు. దొర అన్నవాడు ఊరికే వెనుదిరిగితే నవ్విపోతారు. ఆ నవ్వుకు భయపడి కాలుస్తాడు. తరువాత దొరల మధ్య వాదం: కోరింగీ కూలీ ఒకడు చచ్చినందుకు ఏనుగును చంపటం దండుగ, వాడి కంటె దాని ఖరీదే ఎక్కువ అని పడుచువాళ్ళంటారు. కూలీ చచ్చి తనకు మేలు చేశాడనీ, అందువల్లనే తాను చేసిన పని చట్టప్రకారం సరిపోయిందనీ అధికారి సంతోషిస్తాడు. అలా సంతోషించానని ఆయనే ఒప్పుకొని వ్రాశాడు. ఇది అక్షరాలా జరిగిందా లేదా అని పండితులు నేటికీ తర్కించుకొంటూనే ఉన్నారు.

అందులో ఏనుగు ఖరీదు ఉంది, నూరు పౌన్లు. తుపాకి రకం ఉంది. చచ్చినవాడి పేరు లేదు. నాకు పట్టుకొన్నది అదీ.

వ్యాసకర్త జార్జి ఆర్వెల్. అసలు పేరు ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్. "1984" అనే నవల వ్రాసి లోకమంతా పేరు తెచ్చుకొన్నవాడు. 1903 జూన్ 25న పుట్టినది మన దేశంలోనే, బీహారులో మోతీహారిలో. పశుపతి యాత్ర మా అత్తగారు పది సంవత్సరాలుగా అనుకొంటున్నదే. ఆ దారిలోనే ఈ ఊరు ఉందని తెలిశాక నేను కూడా ఉత్సాహంగా టిక్కెట్లు తీశాను. ఈ రహస్యం ఇప్పుడే బయటపెడుతున్నాను.

స్టేషను పేరు ఇప్పుడు బాపూధామ్ మోతీహారి. బ్యాటరీ రిక్షా అబ్బాయికి "ఆర్వెల్ ఇల్లు" అని చెబితే తలూపి తిన్నగా గాంధీ సంగ్రహాలయానికి తీసుకుపోయాడు. అతని తప్పేమీ లేదు. ఆ ఊరికి వచ్చేవాళ్ళలో నూటికి తొంభైతొమ్మండుగురు వచ్చేది దానికే. సాయంత్రం వస్తామని చెప్పి, ఒకరిద్దరిని దారి అడిగి అసలు చోటికి చేరాం.

అంతస్తులు లేని చిన్న తెల్ల బంగళా. చాలా ఏళ్ళు పాడుపడి ఉన్నదాన్ని బీహారు ప్రభుత్వంవారు బాగుచేయించారు. పక్కనే నల్లమందు నిలవచేసిన పెద్ద గుదాము. ఇంటికంటె గుదామే ఘనంగా ఉంది; సర్కారువారికి ఏది ముఖ్యమో గోడలు చూస్తేనే తెలుస్తుంది. మా ఆవిడ అరుగు మీద కూర్చుని పులిహోర పొట్లం విప్పింది. నేను లోపలా బయటా తిరిగాను. చూడటానికి గోడలు తప్ప ఏమీ లేదనే చెప్పాలి. కాని గుమాస్తాకు ఆ గోడల్లో వేరే సంగతి కనబడుతుంది.

తండ్రి రిచర్డు బ్లెయిర్ గారి హోదా సబ్ డెప్యూటీ ఓపియం ఏజెంటు. పెద్ద దొర కాడు, నడిమితరగతి ఉద్యోగి. 1857 నాటి నల్లమందు చట్టం ప్రకారం లైసెన్సు లేనివాడు గసగసాల మొక్క వేయరాదు. లైసెన్సు తీసుకొన్నవాడికి సర్కారు బయానా ఇస్తుంది. తరువాత పండిన నల్లమందంతా సర్కారుకే, సర్కారు కట్టిన ధరకే ఇచ్చుకోవాలి. ఒక తులం బయట అమ్మినా నేరం. ఇదంతా నడవాలంటే ప్రతి రైతు పేరూ, వాడి భూమి కొలతా, వాడికిచ్చిన బయానా, వాడు తెచ్చిన సరుకు తూకమూ పుస్తకానికెక్కాలి. తుపాకులతో సాధ్యంకాని పని రిజిష్టర్లతో సాధించారన్నమాట. ఆ సరుకు కలకత్తాలో వేలం పడి చీనా దేశం పోయేది. అక్కడ దాన్ని తాగి పాడైనవాళ్ళకు ఏ రిజిష్టరూ లేదు.

పిల్లవాడికి ఏడాది నిండిన కొద్ది కాలానికే తల్లి ఐడా అతణ్ణీ అక్క మార్జరీనీ తీసుకొని 1904లో ఇంగ్లండు వెళ్ళిపోయింది. కనుక మోతీహారి ఆయనకేమీ నేర్పలేదు. నేర్పింది బర్మా. ఈటన్ అనే పెద్ద పాఠశాలలో స్కాలర్‌షిప్పు మీద చదివి, కళాశాలకు పోకుండా 1922లో బర్మా పోలీసులో చేరాడు. తల్లి పెరిగింది మౌల్మీనులోనే. బంధువులు అక్కడ ఉన్నారు. అయిదేళ్ళు జైళ్ళూ, కేసులూ, ఉరికంబమూ దగ్గరగా చూసి, 1927లో సెలవు మీద ఇంటికి వెళ్ళి రాజీనామా ఇచ్చేశాడు. తరువాత పారిస్‌లో హోటలు అంట్లు తోమాడు. స్పెయిను అంతర్యుద్ధంలో ప్రజాప్రభుత్వం పక్షాన పోరాడి 1937లో గొంతులో తూటా దెబ్బ తిన్నాడు. తాను కళ్ళారా చూసిన పోరాటం పత్రికల్లో తలకిందులుగా అచ్చవటం అక్కడే చూశాడు. తనతోపాటు కందకాల్లో ఉన్నవాళ్ళనే ద్రోహులని వ్రాశారు. ప్రభుత్వాలు ముందు ఏం జరగాలో చెప్పటమే కాదు, వెనుక ఏం జరిగిందో కూడా చెప్పగలవన్న భయం ఆయనలో అప్పుడు పుట్టినది మరి వదలలేదు.

1941 నుంచి 1943 వరకు ఆయన బి.బి.సి.లో హిందూ దేశానికి ప్రసారాలు తయారుచేసే ఉద్యోగం చేశాడు. ప్రతి మాటా సెన్సారు దాటి రావాలి. భార్య ఐలీన్ యుద్ధకాలంలో కొన్నాళ్ళు సెన్సారు శాఖలోనే పనిచేసింది. ఆఫీసు భవనంలో సమావేశాలు జరిగే ఒక గదికి నంబరు 101. నవలలో మనిషిని ఆఖరుసారి విరిచే చిత్రహింసల గదికి ఆయన ఆ నంబరే పెట్టాడు. మీటింగుల్లో కూర్చున్న అనుభవం ఉన్న గుమాస్తాలెవరూ దీనికి ఆశ్చర్యపడరు!

1945లో ఐలీన్ ఆపరేషను బల్ల మీదనే పోయింది. పెంచుకొంటున్న పసివాడితో, క్షయరోగంతో, స్కాట్లండు దగ్గర జూరా అనే దీవిలో ఉండి ఆ నవల పూర్తిచేశాడు. 1949 జూన్ 8న అచ్చయింది. 1950 జనవరి 21న ఆయన పోయాడు. నలభైఆరేళ్ళు. నా వయస్సే.

నవల సంగతి తెలియనివారికి రెండు ముక్కలు. పెద్దన్న అనేవాడు దేశమంతటినీ చూస్తూంటాడు. పార్టీవాళ్ళ ప్రతి ఇంట్లోనూ ఒక తెర. అది మనకు బొమ్మ చూపిస్తుంది, మన బొమ్మ పోలీసులకు చూపిస్తుంది. ఆర్పటానికి వీల్లేదు. మాటల సంఖ్య ఏటేటా తగ్గిస్తూంటారు, మాట లేకపోతే ఆలోచనే పుట్టదని. సామాన్యంగా అందరూ చెప్పుకొనేది ఈ తెర గురించే. ఈ రోజుల్లో జేబులో ఫోను, వీధి మొగలో కెమేరా, ఆఫీసు హాజరుకు బొటనవేలు. కనుక పోలిక సులభం. ఆ బొటనవేలి శాస్త్రం కూడా మన దేశంలోనే ముదిరింది. వేలిముద్రల కార్యాలయం 1897లో కలకత్తాలో పెట్టారు. మరి దీనికి హద్దు ఎక్కడ అని అడిగినవారిలో బెంగుళూరులో ఉండిన ఒక రిటైరయిన జడ్జిగారు కూడా ఒకరు. పుట్టస్వామిగారి కేసులో తొమ్మండుగురు న్యాయమూర్తులు కూర్చుని, ఎవరి గుట్టు వారిది, అది ప్రాథమిక హక్కే అని 2017లో తీర్పు చెప్పారు.

నన్ను భయపెట్టింది తెర కాదు. కథానాయకుడు విన్‌స్టన్ స్మిత్ చేసే ఉద్యోగం. అతను రికార్డుల శాఖలో గుమాస్తా. పొద్దున వెళ్ళేసరికి బల్ల మీదికి చీటీలు వస్తాయి. ఫలానా తేదీ పత్రికలో ఫలానా మాట మార్చు అని ఉంటుంది. అతను మారుస్తాడు. పాత కాగితాన్ని గోడలోని కన్నంలో పడేస్తే మంటలోకి పోతుంది. ఇక మార్చినదే అసలు. ఒకసారి అసలు పుట్టని వీరుణ్ణి ఒకణ్ణి పుట్టించి అచ్చువేస్తాడు. అందులో విన్‌స్టన్‌కు ఒక రకమైన సరదా కూడా ఉంది, పని బాగా చేశానన్న తృప్తి. అది చదివి పుస్తకం మూసేశాను.

ఎందుకంటారా? మా ఆఫీసులో 2008లో పాత సర్వీసు పుస్తకాలన్నీ కంప్యూటరులోకి ఎక్కించారు. ఎక్కించినవాళ్ళలో నేనొకణ్ణి. త్వరగా ముగించినందుకు మెప్పు కూడా వచ్చింది. మా వాచ్‌మన్ ఒకడు, తెలుగువాడే, 1981లో చేరాడు. నేను 1991 అని కొట్టాను. ఒక అంకె. అతను రిటైరయినప్పుడు పదేళ్ళ సర్వీసు తగ్గి, పింఛనూ గ్రాట్యుటీ తగ్గాయి. వచ్చి అడిగాడు. పాత పుస్తకాలేవని చూస్తే, కప్పు కారి తడిసినవని వాటిని తూకానికి అమ్మేశారు. "పాతది లేదు గనుక కొత్తదే పాతది" అన్నారు పైవారు. ఆ పేజీ నాకు బాగా జ్ఞాపకం ఉంది. ఊదా సిరా, పక్కన వంకరగా పడిన వేలిముద్ర. అయినా నేను, "రికార్డులో ఇల్లాగే ఉందయ్యా" అన్నాను. అతను 2020లో పోయాడు. తరువాత అతని భార్య వచ్చి కౌంటరు దగ్గర నిలబడి, "ఎనభైఒకటిలోనే చేరినాడు బాబూ, మా పెద్దాడు కడుపులో ఉన్నాడప్పుడు" అన్నది. ఆమెకు కూడా అదే జవాబు చెప్పాను.

ఈ మాట మా ఆవిడతో మోతీహారి బంగళా అరుగు మీదనే మొదటిసారి చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. "ఆవిడ మన వీధి చివర పిండి మర దగ్గర ఉండే ఆవిడేనా?" అని మాత్రం అడిగింది. అవునన్నాను.

ఆర్వెల్‌ను దేవుణ్ణి చెయ్యటం నాకు ఇష్టం లేదు. లండను పోలీసులు ఆయన మీద నిఘా పెట్టి వ్రాసుకొన్న కాగితాలతో ఒక ఫైలు ఉండేది, 2007లో బయటపెట్టారు. అది చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్లు. 1949లో ఆయనే మంచం మీద నుంచి, ప్రచారపు పనికి నమ్మదగనివాళ్ళని తనకు తోచిన ముప్ఫై ఎనిమిదిమంది పేర్లు వ్రాసి ప్రభుత్వ శాఖలో పనిచేసే స్నేహితురాలికి పంపాడు. జాబితాలంటే భయపడమని చెప్పినవాడే జాబితా వ్రాశాడు. జబ్బు మనిషి అనీ, రోజులు అటువంటివనీ సమర్థించేవారున్నారు. నేను సమర్థించను. కాని కోరింగీ చచ్చినందుకు సంతోషించానని వ్రాసుకొన్నవాడు కూడా ఆయనే. తన చేతి పనిని దాచుకోకుండా వ్రాయటం ఎంత కష్టమో ఇప్పుడు నాకు కొంచెం తెలుసు.

సాయంత్రం గాంధీ స్తంభం దగ్గరికి వెళ్ళాం. నలభైఎనిమిది అడుగుల రాతి కంబం. 1917 ఏప్రిల్ 18న గాంధీగారు జిల్లా విడిచి పొమ్మన్న ఉత్తరువును పాటించనని కోర్టులో చెప్పిన చోటు. నీలిమందు తోటల దొరలు బిగాకు ఇరవై కట్టాల చొప్పున కొలిచి, మూడు కట్టాల్లో నీలిమొక్క వేసి తీరాలని రైతుల్ని పీడించిన కథ మనకందరికీ తెలుసు. గాంధీగారు అక్కడ మొదట చేసినది ఉపన్యాసం కాదు, గుమాస్తా పని! బ్రజకిశోర్ ప్రసాదుగారి వంటి పెద్ద వకీళ్ళతో, మీ న్యాయశాస్త్రం నాకంతగా అక్కరలేదు, వ్రాతపని చేయగలవాళ్ళూ దుబాసీలూ కావాలన్నారు. రాజేంద్ర ప్రసాదుగారు కూడా ఆ వ్రాతగాళ్ళలో చేరారు. వేలమంది రైతులు వచ్చి తమ మాట చెప్పుకొన్నారు. చెప్పినదల్లా వ్రాయలేదు. ప్రతివాణ్ణీ తరచి తరచి అడిగి, నిలబడిన మాటే వ్రాశారు. పక్కన రహస్య పోలీసు ఉద్యోగి కూర్చునేవాడు. ఆయన్ను పొమ్మనలేదు, కుర్చీ వేశారు. ఆ కాగితాలే చివరకు 1918లో చట్టమై ఆ నీలి దస్తావేజును చింపాయి.

ఒకే ఊరు. నల్లమందు బంగళాలో రైతు పేరు పుస్తకానికెక్కింది వాణ్ణి కట్టివేయటానికి. ఇక్కడ ఎక్కింది విడిపించటానికి. కలమూ అదే, సిరా అదే. మా అత్తగారు కంబానికి ప్రదక్షిణం చేసి నమస్కరించారు.

రైల్లో రాత్రి నిద్ర పట్టలేదు. మా బరంపురానికి దగ్గరలోనే జౌగడ అనే చోట అశోకుని శాసనం ఉంది. చిన్నప్పుడు బడిపిల్లలమంతా బళ్ళు కట్టించుకొని వెళ్ళి చూశాం. కళింగ యుద్ధంలో లక్షమందిని చంపించినందుకు ఆ రాజు పశ్చాత్తాపపడి చెక్కించిన పదమూడవ శాసనం కర్నూలు జిల్లా యర్రగుడి బండ మీద ఉంది. చంపబడినవాళ్ళ గడ్డ మీద, మా జౌగడలోనూ ధౌళిలోనూ, అది లేదు. దాని బదులు అధికారులు ప్రజల్ని దయగా చూడాలనే వేరే శాసనాలు పెట్టించారు. అవి మంచి మాటలే. కాని ఏది ఎక్కడ వ్రాయకూడదో రెండువేల రెండువందల ఏళ్ళ కిందటే ఎవరో ఆలోచించారు, మరెవరో ఉలితో చెక్కారు. ఆ చెక్కినవాడికి తెలుసా అని ఆ రాత్రంతా అనుకొన్నాను.

ఇంటికి వచ్చిన మూడో రోజు పిండి మర దగ్గరికి నేనూ మా ఆవిడా వెళ్ళాం. వాచ్‌మన్ భార్య మమ్మల్ని చాప మీద కూర్చోపెట్టింది. పెద్దకొడుకు బడి సర్టిఫికేటు రేకు పెట్టెలో భద్రంగా ఉంది. పుట్టినది 1981 అక్టోబరు. తరువాత ఆఫీసు అటక మీద చెదలు సగం తిన్న పాత జీతాల పట్టీల కట్ట ఒకటి దొరికింది. 1985 మార్చి పట్టీలో అతని పేరు, అతని వేలిముద్ర. 1991లో చేరినవాడు 1985లో జీతం ఎల్లాగ తీసుకొంటాడు?

ఫైలు తెరిచి నోటు వ్రాశాను. అసలు సర్వీసు పుస్తకం నేను చూశాననీ, అందులో 1981 అని ఉందనీ, 1991 అని కొట్టినది నేనేననీ, తెలిసి కూడా ఇన్నేళ్ళు చెప్పలేదనీ. చివరి వాక్యం రెండుసార్లు కొట్టివేసి మూడోసారి ఉంచాను. కింద సంతకం చేశాను. "ఇంక్రిమెంటు ఆపేస్తారేమోనండీ" అన్నది మా ఆవిడ. ఆపవచ్చు. అమ్మాయి ఫీజు కట్టే నెల కూడా దగ్గరపడుతోంది.

ఫైలు పై అధికారిగారి దగ్గరనుంచి నిన్న తిరిగి వచ్చింది. మార్జినులో పచ్చసిరాతో "ప్లీజ్ స్పీక్" అని వ్రాశారు. సోమవారం పదకొండు గంటలకు రమ్మన్నారు. జీతాల పట్టీ కట్ట గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళం చెవి మా అత్తగారి దగ్గర ఉంది.